నులక తెగితే కుర్చీ పారేస్తరా?

పోయిన వారం మా వాడకట్టుల ఓ ఇంటి ముంగట టేకు స్టూలు పడేసి ఉన్నది. కోళ్లు గట్టిగున్నయ్, పట్టెలు కదలలే. నడుమ నులక తెగింది, గంతే. పాత సామాను కొనేటోనికి ఏద్దామని పెట్టిండ్రట. అడిగి తెచ్చుకున్న, రెండు పూటల్ల అల్లిన. గిప్పుడు దాని మీదనే కూసోని రాస్తున్న.

“గింత తిప్పలెందుకన్నా, ఫోన్ల కొడితె ప్లాస్టిక్ కుర్చీ ఇంటికస్తది” అంటరు తమ్ముండ్లు. వస్తది. పగిలినంక దాన్ని ఎవలు అల్లుతరు? నులక కుర్చీల కట్టె వేరు, కూసునే జాగ వేరు. కట్టె తరాలు నడుస్తది, నులక కొన్నేండ్లకు మారుస్తం. పాడయ్యేదాన్ని ఒక్కదాన్నే మార్చుకునే ఇకమతు మనోళ్లు ముందుగాలనే చేసిపెట్టిండ్రు.

నులకంటే జనుము, గోగు నారతోని పేనిన సన్న తాడు. జనుమును కోసి, కట్టలు గట్టి, చెరువు నీళ్లల్ల కొన్నొద్దులు నానేస్తరు. బెరడును కట్టెకు పట్టి ఉంచే జిగురును నీళ్లల్ల ఉండే కంటికి కనవడని సూక్ష్మజీవులు తింటయ్. అప్పుడు నార ఊడొస్తది. తక్కువ నానితే ఊడది, ఎక్కువైతే నారే మురుగుతది. కడిగి, ఎండబెట్టి, రెండు పోగులకు ఒక దిక్కు పురి పెట్టి, రెండింటిని కలిపి ఎదురు దిక్కు తిప్పుతరు. ఒకటి ఇప్పుకుందామని చూస్తె ఇంకోటి బిగుస్తది. తాడు ఇడిపోకుండ ఉండే కిటుకు గదే.

ఇగ అల్లుడు. నులకకు జర చెమ్మ తగిలిస్తే చెయ్యి కోసుకపోదు. ఎనుక పట్టెకు ఎడమ దిక్కు కొస ముడెయ్యాలె. ఎదురుంగ ఉన్న ముంగటి పట్టె మీదికెల్లి కిందికి తీసి, నడుమ సందులకెల్లి పైకి లేపి, ఎడమ పట్టె మీదికెల్లి కిందికి తియ్యాలె. ఆడికెల్లి సక్కగ కుడి పట్టెకు పోవాలె. ప్రతి మూలకాడ ఒకటే లెక్క: ఎదురొచ్చిన పట్టె ముందు, దాని పక్క పట్టె ఎనుక. గట్ల మూల మూల తిరుక్కుంట లోపటికొస్తె నాలుగు త్రికోణాలు నడుమ కలుస్తయ్. ప్రతి చుట్టు గుంజి, పక్క చుట్టుకు ఆనేటట్టు జరపాలె. నేను మొదటిసారి లూజుగ అల్లిన, నెల తిరగకముందే తొట్టెలలెక్క జారింది.

డెన్మార్క్‌ల హాన్స్ వెగ్నర్ అనేటాయన 1949ల గీసిన కుర్చీ ఒకటున్నది. దానికి 120 మీటర్ల దాక కాగితపు తాడు పడుతది, ఇప్పటికీ చేత్తోనే అల్లుతుండ్రు. ధర ఇంటే మన ఊర్ల ఎడ్లజత యాదికస్తది. 2017ల ఆస్ట్రేలియాల మన గడెంచ లాంటిదాన్నే 990 డాలర్లకు అమ్ముతమని ప్రకటన ఇచ్చిండ్రు. అది చూసి మనోళ్లు నవ్విండ్రు. నాకు నవ్వు రాలే.

అట్లని పాత రోజులన్ని మంచియని నేననను. మా తాత నులక అల్లెటోడు. దొర అటు పోతుంటె తను అల్లిన గడెంచ మీదికెల్లి తనే లేసి నిలవడాలె. వెట్టి కింద అల్లినదానికి పైస లేకుండె. మా నాయిన ఆ పని ఇడిసిపెట్టిండు. తప్పు పట్ట. పనిలకెల్లి అవమానాన్ని తీసెయ్యాల్సింది. అవమానంతోని పని గుడ పోయింది.

నార ఏడికెల్లి తేవాలె అంటరా? మా సిద్దిపేట దిక్కు పచ్చిరొట్ట ఎరువుకని జనుము సల్లి, పూతకు రాంగనే దున్నుతుండ్రు. భూమికి మంచిదే. ఒక్క మడి దున్నకుండ ఆపుండ్రి, నార మీ చేతికే వస్తది. దీనికి శిక్షణ పెట్టుండ్రని ఒక ఆఫీసుల అడిగితె, ఏ స్కీముల రాదన్నరు. రాకపాయె.

మా ఊర్ల అల్లుడు తెలిసిన పెద్దమనిషికి చూపు తగ్గింది, వేళ్లకైతె ఇంక అన్ని యాదికున్నయ్. ఈ ఐతారం ఇద్దరు పోరగాండ్లను తోల్కపోతున్న. ఆయనకు రోజు కూలి ముందుగాలనే మాట్లాడిన. మీ ఊర్ల గసొంటోళ్లు ఉంటె ఉత్తగ నేర్పుమనకుండ్రి, కూలి ఇచ్చి నేర్చుకోండ్రి. పోయేటప్పుడు నులక తెగిన స్టూలొకటి ఎంబడి పట్టుకపోండ్రి.