ఇంట్లో కాగితాలు: మూడు కుప్పల పద్ధతి

పోయినేడు ఓ రాత్రి నాన్నగారికి బాగాలేదని ఇండియా నుంచి ఫోను వచ్చింది. టిక్కెట్టు అరగంటలో దొరికింది కానీ అమెరికాలో పుట్టిన మా అబ్బాయి ఓసీఐ కార్డు దొరకలేదు. చివరికి పాత బిల్లుల మధ్య కనిపించేసరికి ఫ్లైటు వెళ్ళిపోయింది. నాన్నగారు కోలుకున్నారు గానీ, ఆ రాత్రి నేను మర్చిపోలేను.

తిరిగొచ్చాక కాగితాలన్నీ భోజనాల బల్ల మీద పోసి మూడు కుప్పలు చేశాం.

ఎప్పటికీ దాచాల్సినవి: పాస్‌పోర్టులు (పాతవి కూడా), ఓసీఐ కార్డులు, పుట్టిన, పెళ్ళి సర్టిఫికెట్లు, ఐ-20లు, ప్రతి ఐ-797. ఇవన్నీ ఒకే ఫోల్డర్లో, ఇంట్లో ఇద్దరికీ తెలిసిన చోట ఉండాలి.

కొన్నేళ్ళు దాచాల్సినవి: టాక్సు కాగితాలు మామూలుగా 3 ఏళ్ళు ఉంచమంటుంది ఐఆర్ఎస్. కొన్ని సందర్భాల్లో 6, 7 ఏళ్ళు కూడా అవసరం కాబట్టి మేం 7 ఏళ్ళు ఉంచుతాం. ఇండియాలోని బ్యాంకు ఖాతాలకి ఎఫ్‌బార్ వేసేవాళ్ళు ఆ వివరాలు 5 ఏళ్ళు ఉంచుకోవాలి.

పారేయాల్సినవి: సోషల్ సెక్యూరిటీ నంబరో, అకౌంటు నంబరో ఉంటే ష్రెడ్డర్లోకి, లేకపోతే రీసైక్లింగ్ డబ్బాలోకి.

ఇప్పుడు ఏ ఉత్తరం వచ్చినా ఆ రోజే దాని కుప్ప తేల్చేస్తాం. మీ ఇంట్లో పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో మీవాళ్ళని ఓసారి అడిగి చూడండి!