రెండో గుంత తవ్వితే మోత పెరిగిందెందుకు?

సిద్దిపేట జిల్లా రాయపోల్ నుంచి వచ్చిన ఒక ప్రశ్న ఈ నెల మిగతా ఉత్తరాలన్నిటినీ వెనక్కి నెట్టేసింది. రాసినాయన ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకుని జానపద పాటలు రికార్డు చేస్తున్నారు. గోడలకు దుప్పట్లు, గుడ్ల అట్టలు కొట్టించారట. (గుడ్ల అట్టలు బయటి శబ్దాన్ని ఆపవు. ఆ సంగతి ఇంకో నెల.) ప్రశ్న ఆయన మాటల్లోనే: "లాప్‌టాప్‌కు చార్జర్ పెడితే రికార్డింగుల గుయ్యిమని మోత వస్తది, చార్జర్ తీస్తె బంద్ అయితది. ఎర్త్ సక్కగ లేదని కరెంటాయన చెప్తె స్టూడియో కోసం సపరేటుగ ఇంకో గుంత తవ్విపిచ్చిన. మోత తగ్గుడు పక్కకు వెట్టు, డబలైంది. గిట్లెందుకైతది సార్?"

జవాబుకు ముందు కాస్త పునాది, త్వరత్వరగా. గోడలోని కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అది ఆడియో తీగలోకి చొరబడితే 50 హెర్ట్జ్ స్వరం వినపడాలి. కానీ చిన్న స్పీకర్లు అంత లోతైన స్వరాన్ని సరిగా పలికించలేవు. మన చెవిని పొడిచేవి దాని గుణిజాలు: 100, 150, 250. ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు కరెంటును అల పొడవునా సాఫీగా తాగవు, అల శిఖరానికి చేరినప్పుడే గుటుక్కున లాగుతాయి. దాంతో గుణిజాలు పుడతాయి. గుండ్రంగా 'హమ్‌'మంటే అది 50కి దగ్గరది; గరగరలాడుతూ 'జుయ్‌'మంటే పై గుణిజాలు ఎక్కువున్నాయన్నమాట.

ఇక్కడ ఒక పక్కదారి తొక్కకుండా ఉండలేను. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను ద్వారా దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో ఒకే తాళానికి వచ్చింది. అంతకు ముందు మన 50 వేరు, ఢిల్లీ 50 వేరు. 2012 జులైలో ఉత్తరాది, తూర్పు గ్రిడ్లు కుప్పకూలినప్పుడు మన ఇళ్ళల్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు దేశమంతా ఒకే ఊపు. లోడు పెరిగితే ఆ 50 పిసరంత తగ్గుతుంది, లోడు తగ్గితే పిసరంత పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులు మళ్ళీ మళ్ళీ అదే వరసలో రావు. రొమేనియాకు చెందిన కాటలిన్ గ్రిగొరాస్ దీన్నే ఆయుధంగా మలిచాడు: రికార్డింగులో దాగిన మోతను గ్రిడ్డు చిట్టాతో పోల్చి, అది ఏ రోజు ఏ గంటకు రికార్డయిందో, మధ్యలో కత్తిరింపులున్నాయో లేదో పట్టుకునే పద్ధతిని నేరపరిశోధనలోకి తెచ్చాడు. మన పాఠకుడు వదిలించుకోవాలనుకుంటున్న మోతలో ఆ నిమిషాన దేశం ఎంత కరెంటు వాడుతోందో దాని జాడ ఉంది.

సరే, గుంతల దగ్గరకు వద్దాం.

ఎర్తింగు గురించి మనలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: భూమిలోకి పంపిన కరెంటు అక్కడితో మాయమవుతుందని, గుంత ఎంత లోతుంటే చెడు అంత బాగా ఇంకిపోతుందని. భూమి కరెంటును మింగదు. ఏ ట్రాన్స్‌ఫార్మరు నుంచి బయల్దేరిన కరెంటు ఆ ట్రాన్స్‌ఫార్మరుకే తిరిగి వెళ్ళాలి. మధ్యలో మట్టి ఉంటే మట్టిలోంచే వెళుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె దగ్గర న్యూట్రల్‌ను భూమిలోకి దించి ఉంచుతారు కదా, దారి అదే. ఫ్రిజ్ నుంచి కారేది, తడిసిన బోరు మోటరు నుంచి కారేది, మూడు ఫేజుల మీద లోడు సమంగా లేనప్పుడు న్యూట్రల్ నుంచి పక్కకు జారేది, అన్నీ ఊరి మట్టిలో ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. మట్టికి నిరోధం ఉంది. ఉప్పు, బొగ్గు, పైపు వేసి గుంత పూడ్చినా, ఎండాకాలంలో దాని మీద బకెట్టు నీళ్ళు పోయాల్సి రావడం అందుకే. నిరోధం ఉన్నచోట కరెంటు పారితే చోటు చోటుకీ వోల్టేజీ మారుతుంది. ఒకే పెరట్లో రెండు బావులు తవ్వితే రెండింట్లో నీటిమట్టం సమానంగా ఉండాలని లేనట్టే, ఒకే ఇంట్లో రెండు ఎర్తు గుంతలు ఒకే వోల్టేజీలో ఉండాలని ఏమీ లేదు.

ఇప్పుడు ఆ గదిలో తీగల వెంట నడుద్దాం. లాప్‌టాప్ చార్జరు మూడు పిన్నులది, అది ఇంటి పాత బోర్డులో ఉంది, అంటే పాత గుంతకు కలిసింది. మిక్సరు, స్పీకర్లు కొత్త బోర్డులో, అంటే కొత్త గుంతకు. మిక్సరు నుంచి మామూలు ఆడియో తీగ సౌండ్ కార్డుకు, అక్కడి నుంచి యూఎస్‌బీ తీగ లాప్‌టాప్‌కు. పాత గుంత, చార్జరు, లాప్‌టాప్, ఆడియో తీగ పైఅల్లిక, మిక్సరు, కొత్త గుంత, మట్టి, మళ్ళీ పాత గుంత. ఉంగరం పూర్తయింది. మట్టిలో పారాల్సిన కరెంటుకు మనమే రాగితో దగ్గరదారి వేసిచ్చాం. చార్జరు పీకితే ఉంగరం తెగుతుంది, మోత ఆగుతుంది. ఒకటే గుంత ఉన్నప్పుడూ రెండు బోర్డుల ఎర్తు తీగలతో ఉంగరం ఉండేది గానీ, దాన్ని తిప్పే వోల్టేజీ చిన్నది. రెండో గుంత ఆ తేడాను పెంచింది, అంతే.

ఎంత కరెంటు పారుతుందో లెక్క చూద్దాం. గుంతల మధ్య తేడా అర వోల్టు అనుకుందాం. రెండు గుంతల నిరోధం కలిపి 20 ఓములు. పారేది 25 మిల్లీఆంపియర్లు. ఆడియో తీగ అల్లిక, జాకులు కలిపి నిరోధం ఒక ఓములో ఇరవయ్యో వంతు అనుకున్నా, దాని మీద పడే వోల్టేజీ 1.25 మిల్లీవోల్టులు. మామూలు ఇళ్ళ పరికరాల మధ్య నడిచే సిగ్నలు దాదాపు 316 మిల్లీవోల్టులు. అంటే మోత పాటకంటే 250 రెట్లు, డెసిబెల్లలో చెప్పాలంటే 48, మాత్రమే చిన్నది. పాడే మనిషి చరణాల మధ్య ఊపిరి తీసుకునే చోట అది కొట్టొచ్చినట్టు వినపడుతుంది.

అసలు కిటుకు ఆ అల్లికలో ఉంది. మామూలు రెండు తీగల కేబుల్లో పైఅల్లిక రెండు కొలువులు చేస్తుంది: బయటి రొదను ఆపే కవచం అదే, సిగ్నలు తిరిగొచ్చే దారీ అదే. ఆ దారి మీద ఎర్తు కరెంటు పడేసిన వోల్టేజీ సిగ్నలుకు నేరుగా కలిసిపోతుంది. సౌండ్ కార్డుకు ఏది పాటో ఏది మోతో తెలిసే మార్గం లేదు. ఇంకా మందమైన కవచం, బంగారు పూత జాకు అంటూ ఖర్చుపెట్టేవాళ్ళు నిరోధాన్ని కొంత తగ్గిస్తారు, ఉంగరాన్ని మాత్రం ముట్టుకోరు.

సిగ్నలు తిరిగొచ్చే దారినే రొదకూ పంచే ఈ పొరపాటు చాలా పాతది. 1838లో మ్యూనిక్‌లో కార్ల్ ఆగస్ట్ ష్టైన్‌హైల్, టెలిగ్రాఫుకు రెండో తీగ అక్కర్లేదు, భూమే తిరుగుదారిగా సరిపోతుందని చూపించాడు. సగం తీగ మిగిలింది, కంపెనీలు పండగ చేసుకున్నాయి. కట్టె కొట్టినట్టు టకటకలాడే టెలిగ్రాఫుకు మట్టిలోని రొద పట్టలేదు. తర్వాత టెలిఫోను వచ్చి అదే ఒంటితీగ మీద కూర్చుంది. పక్క లైన్ల మాటలు, టెలిగ్రాఫు చప్పుళ్ళు, ఆ పైన ఎలక్ట్రిక్ ట్రాముల మోత అన్నీ చెవిలోకి వచ్చిపడ్డాయి. 1881లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ రెండు తీగల్ని ఒకదానితో ఒకటి మెలివేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు: రొద రెండు తీగల్నీ సమానంగా తాకుతుంది, చివర్లో తేడా మాత్రమే చూస్తే రొద కొట్టుకుపోతుంది. 1955లో గిబ్సన్ కంపెనీలో సేథ్ లవర్ గిటారు కోసం పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ పికప్ వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే.

స్టూడియోల్లో మూడు పిన్నుల మైకు తీగ, అదే బ్యాలెన్స్‌డ్ కేబుల్, చేసేదీ ఇదే. అయితే దీని గురించి పుస్తకాల్లో సైతం ఒక తప్పు తిరుగుతూ ఉంటుంది: రెండు తీగల్లో సిగ్నలు ఒకదానికొకటి తిరగేసి ఉంటుంది కాబట్టే మోత పోతుందని. జెన్సెన్ ట్రాన్స్‌ఫార్మర్స్‌కు చెందిన బిల్ విట్‌లాక్ దీన్ని ఓపిగ్గా ఖండించాడు. ఒక తీగలో సిగ్నలే లేకపోయినా పర్వాలేదు. రెండు తీగలూ భూమికి ఒకే ఇంపెడెన్సు చూపించాలి, రొద రెండింటి మీదా సమానంగా పడాలి, అదీ షరతు. ఆయన వ్యాసం 1995 జూన్‌లో అమెరికాలోని ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వచ్చింది. అదే సంచికలో నీల్ మన్సీ పరికరాల తయారీదార్లను నిలదీశాడు: కవచం వచ్చి కలిసే ఒకటో పిన్నును డబ్బా లోహానికి తగిలించకుండా సర్క్యూట్ బోర్డు లోపలికి తీసుకెళ్తున్నారు, ఎర్తు కరెంటును ఇంట్లోకి పిలిచి కూర్చోబెడుతున్నారు అని. ముప్పై ఏళ్ళయినా చవక మిక్సర్లలో ఆ జబ్బు ఇంకా ఉంది. డబ్బా మీద మెరిసే నీలం లైట్లకు పెట్టే ఖర్చు ఆ ఒక్క తీగకు పెట్టరు.

రెండు పిన్నుల చార్జరున్నవాళ్ళు ఇక్కడ సంబరపడతారు: మా లాప్‌టాప్‌కు ఎర్తే లేదు, ఉంగరం ఎక్కడిది? వాళ్ళది వేరే బాధ. చార్జింగులో ఉన్నప్పుడు లోహపు మూత మీద వేళ్ళు రాస్తే జుమ్మంటుంది కదా. చార్జరు లోపల మెయిన్స్ వైపునూ లాప్‌టాప్ వైపునూ కలిపే ఒక చిన్న కెపాసిటరు ఉంటుంది. దానివల్ల లాప్‌టాప్ ఒళ్ళు నూరు వోల్టుల దరిదాపుల్లో తేలుతూ ఉంటుంది. పారే కరెంటు మిల్లీఆంపియరులో చిన్న ముక్క, ప్రమాదం లేదు. కానీ అది భూమిని వెతుక్కుంటూ ఆడియో తీగ అల్లికలోంచే మిక్సరుకు పోతుంది. ఆ గరగరే 'జుయ్'.

ఇప్పుడు కోపం తెప్పించే విషయం. ఉంగరం తెంచాలంటే ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టు, లేదా టేపు చుట్టు అని చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. మోత పోతుంది, నిజమే. ప్రాణం కూడా పోవచ్చు. 1972 మే 3న బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ, ఎర్తు లేని మైకు తాకి వేదిక మీదే చనిపోయాడు. పాడేవాళ్ళ పెదవులు మైకు జాలికి ఎంత దగ్గరగా ఉంటాయో ఒకసారి తలుచుకోండి. మన ప్లగ్గుల్లో ఎర్తు పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా ఉండేది ముందు కలవడానికి, చివర విడవడానికి, విరగడానికి కాదు.

రాయపోల్ గదికి మందు తేలికే. లాప్‌టాప్, మిక్సరు, స్పీకర్లు అన్నీ ఒకే బోర్డు నుంచి, మంచి ఎర్తున్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి తీసుకోండి. ఈ సరుకంతా కలిపి ఒక ఇస్త్రీపెట్టె లాగినంత కరెంటు కూడా లాగదు, బోర్డుకు బరువు కాదు. కొత్త గుంతను వదిలేయనక్కర్లేదు. మందపాటి తీగతో దాన్ని పాత గుంతకు కలిపించండి, అప్పుడు రెండూ ఒకే ఎర్తు అవుతాయి. ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి. మిక్సరుకు బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్, సౌండ్ కార్డుకు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉంటే ఆ తీగే వాడండి. లేకపోతే మధ్యలో ఒక ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి: సిగ్నలు అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది, ఎర్తు కరెంటుకు దాటడానికి తీగ ఉండదు. ఇవన్నీ అయ్యాక, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు కూడా మోత వస్తుంటే అది ఉంగరం పని కాదు; ఫ్యాను రెగ్యులేటరు, మైకు పక్కనే ఉన్న అడాప్టరు, ఊడిన కవచం, వీటిని ఒక్కొక్కటిగా ఆపి, పీకి చూడాలి.

సాఫ్ట్‌వేరుతో తుడిచేయొచ్చు కదా అని ఉత్తరం చివర్లో అడిగారు. తుడవొచ్చు. కానీ అది 50, 100, 150 దగ్గర పాటనూ కలిపి కోస్తుంది. మగగొంతు మూలస్వరం దాదాపు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, డోలు దెబ్బలో బరువంతా ఆ చుట్టుపక్కలే. ఒగ్గుకథ రికార్డు చేసి డోలు కడుపు కోసేస్తే వినేవాళ్ళకు మిగిలేది కర్ర చప్పుడే. ముందు ప్లగ్గు మార్చండి.