ఆగిన గడియారం, తప్పని మేలుకొలుపు

జుమా రోజున మనం కహఫ్ సూరా పఠిస్తాము. గుహవాసులు మేల్కొని, ఎంతకాలం నిద్రించామని ఒకరినొకరు ప్రశ్నించుకున్న ఘట్టం అందులో వస్తుంది. అది అల్లాహ్ మహిమ. జంతువుల నిద్రతో దానికి పోలిక పెట్టడం మా ఉద్దేశం కాదు. కాని నిద్రలో కాలం లెక్క ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం మనసులో మెదులుతుంది.

ఐరోపా పొలాల్లో హామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువు చలికాలమంతా బొరియలో ముడుచుకుని పడుకుంటుంది. ఒళ్లు చల్లబడుతుంది, గుండె మెల్లగా కొట్టుకుంటుంది. రేయింబవళ్లను లెక్కించే జీవగడియారం దాని మెదడులో ఉంది. గాఢమైన శీతాకాల నిద్రలో ఆ గడియారమే ఆగిపోతుందని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. దానిని నడిపే జన్యువుల్లో పగలు, రాత్రి తేడాయే కనబడలేదు.

మరి లేవవలసిన వేళ తెలిసేదెలా? తొందరపడితే బయట మేత ఉండదు, ఒంట్లో దాచుకున్న కొవ్వు చాలదు.

ఈ ప్రశ్నకు ఒక ఆధారం అమెరికా నేల ఉడుతల్లో అంతకు ముందే దొరికింది. పెంగెలీ, ఫిషర్ అనే శాస్త్రజ్ఞులు వాటిని ఏడాది పొడుగునా ఒకే చలిలో, రోజుకు 12 గంటల వెలుతురులో ఉంచి, ఫలితాలను 1963లో వెల్లడించారు. ఋతువుల జాడ లేకపోయినా అవి వేళకు నిద్రకు ఒరిగాయి, వేళకు లేచాయి. ఏడాదిని లెక్కించే గడియారం ఒంట్లోనే ఉందన్నమాట! కాకపోతే దాని ఏడాది సౌర సంవత్సరం కన్నా చిన్నది, మన హిజ్రీ సంవత్సరంలాగా.