పూట నిలువని కల్లు - ఏండ్లు నిలుచు వైన్

కైకలూరు పరిసరములలో పొలముల గట్లమీద తాటిచెట్లు బారులుగా నుండును. తెల్లవారుజామున చెట్టునుండి దించిన కల్లు తియ్యగా నుండును. ప్రొద్దెక్కినకొలది నురుగు కట్టి ఘాటెక్కును. మరునాటికి పుల్లబడి పనికిరాకపోవును. ఫ్రాన్సు దేశములోని బోర్డో ప్రాంతపు మేలిరకము ఎర్రవైన్ మాత్రము సీసాలో పది, ఇరువది సంవత్సరములు నిలుచును. రెండింటిలోను చక్కెరను ఆల్కహాలుగా మార్చునది ఈస్టు అను సూక్ష్మజీవియే. మరి యీ భేదమేల?

తాజా తాటినీరాలో పులుపు దాదాపు లేదు. అందుచేత లొట్టినుండి, గాలినుండి చేరిన పలురకముల బాక్టీరియాలు ఈస్టుతోపాటు అందులో వృద్ధిపొందును. ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే యగుటచే వాటికి అడ్డు లేదు. వాటిలో కొన్ని గాలిలోని ఆక్సిజన్ సాయమున ఆల్కహాలును అసిటిక్ ఆమ్లముగా మార్చును. వినిగరు పులుపు ఈ ఆమ్లముదే. లొట్టిలో సున్నము పూసినచో ఆ క్షారమునకు సూక్ష్మజీవులు పెరుగజాలవు. నీరా తియ్యగనే యుండును.

ద్రాక్షరసము స్వభావముచేతనే పుల్లనిది. దానినుండి తయారైన వైన్‌లో ఆల్కహాలు 12 మొదలు 14 పాళ్ల వరకు నుండును. సీసాకు బిగించిన బెండుబిరడా గాలిని దాదాపు రానీయదు. ఈ మూడును బాక్టీరియాలను అణచివేయును.

ఇక నాలుగవది వగరు. నేరేడుపండు తిన్నప్పుడు నాలుక ఊదారంగగును, నోరు పిడచకట్టును. రంగు ఆంథోసయనిన్లది, వగరు టానిన్లది. టానిన్లు లాలాజలములోని ప్రోటీనులతో పెనవేసికొనుటచే నోరు ఎండినట్లు తోచును. ఎర్రవైన్‌ను ద్రాక్షతొక్కలతో, గింజలతో సహా పులియబెట్టుటచే ఈ రెండును అందులో దిగును. బోర్డోలో వగరు హెచ్చుగా గల కాబెర్నె సోవిన్యో రకమును, మెత్తని రుచిగల మెర్లో రకమును కలుపుదురు. దీనిని ఓక్ పీపాలలో నిలువ యుంచినప్పుడు కొయ్యనుండి వనిలా వాసన చేరును.

పీపాలో స్వల్పముగా సోకు ఆక్సిజన్ వైన్‌ను పక్వమొనర్చునని లూయీ పాశ్చర్ 1866 లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. కాలక్రమమున టానిన్లు, ఆంథోసయనిన్లు ఒకదానితో నొకటి కూడి పెద్ద అణువులగును. కొన్ని మడ్డిగా అడుగుకు దిగును. ఊదారంగు ఇటుకరంగుకు తిరుగును, వగరు మెత్తబడును. తాజాపండ్ల వాసన తగ్గి ఎండుపండ్లు, తోలు, తడిసిన ఎండుటాకులు, పొగాకు తలపునకు వచ్చును. జంగారెడ్డిగూడెము వైపు బ్యారన్లలో ఆరిన పొగాకు నెరిగినవారు ఈ చివరి పోలికను సులభముగా గ్రహింపగలరు.

వైన్ ఎంత పాతదైన అంత మేలనుట మాత్రము పొరపాటు. పులుపును, వగరును చాలినంత లేనివి కొలది యేండ్లకే చప్పబడును. మేలైనవియు ఒకనాటికి క్షీణించును. రుచి మారినంతమాత్రమున ఆల్కహాలు పోదు, దాని హానియు తగ్గదు. కాలము తనంతట దేనిని బాగుచేయదు; పదార్థములో నున్నదానినే మార్చును. కల్లును పూటలో చెరచునదియు, వైన్‌ను ఏండ్లకు పండించునదియు రసాయన మార్పులే.