చెరువుకట్టయు రైలుకట్టయు

రైలుబండి యెక్కినవాడు తన ప్రాణమును ఎవరిచేతిలో పెట్టినట్లు? డ్రైవరుచేతిలో నని మొదట తోచును. మరికొంత యోచించినచో సిగ్నలు చూచువాడును, పట్టాలు బిగించువాడును జ్ఞప్తికి వత్తురు. కాని పట్టాలకు ఎంతో ఎగువన నున్న యొక పల్లె చెరువుకట్టయు మన ప్రాణములకు పూచీ వహించుచున్నదని తలచువారు అరుదు. తెలంగాణపు రైలుమార్గముల చరిత్ర నెరిగినవారు మాత్రము ఈ సంగతిని మరువజాలరు.

1954 సెప్టెంబరు చివర జనగామ సమీపమున వరదకు వంతెన కూలి ఎక్స్‌ప్రెస్సు బండి నీటిపాలయ్యెను. 1956 సెప్టెంబరు 2వ తేదీన జడ్చర్ల, మహబూబ్‌నగరముల నడుమ మరియొక వంతెన కూలెను. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున, రామన్నపేట, వలిగొండల మధ్య, తెగిన చెరువునీరు చిన్నవంతెనను తుడిచివేయగా, సికిందరాబాదునకు వచ్చుచున్న డెల్టా ప్యాసింజరు ఆ గండిలో పడెను. ఈ మూడింట ప్రతిసారియు నూరుమందికి పైగా మరణించిరి.

మహబూబ్‌నగరపు ప్రమాదము పిమ్మట రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా నీయగా ప్రధాని నెహ్రూ అంగీకరింపలేదు. ఆ యేటనే నవంబరులో తమిళదేశమున అరియలూరు కడ ఇట్టి ఘోరమే మరల జరుగగా ఆయన పదవిని వీడెను. ఆ త్యాగమును నేటికిని కొనియాడుచున్నాము. దానికి కారణమైన వరదను మాత్రము మరచితిమి.

మన పూర్వులు ఒక చెరువు అలుగు పారి దిగువచెరువు నిండునట్లు గొలుసుకట్టుగా చెరువులు నిర్మించిరి. పైరునకు ఇది వరము. కాని పైచెరువు తెగినచో దిగువ కట్టలపై ఒక్కుమ్మడిగా భారము పడి అవియు తెగవచ్చును. అట్టి ప్రవాహము చిన్నవంతెన పునాదుల క్రింది మన్నును కోసివేయును. ఒక్కొక్కప్పుడు పట్టాలు మాత్రము తెగక గాలిలో వ్రేలాడుచుండును. చీకటిలో డ్రైవరునకు మార్గము చక్కగనే యున్నట్లు తోచును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున బండి సెకనునకు సుమారు 28 మీటర్లు పోవును. గండిని కన్నులార చూచిన పిమ్మట బండిని ఆపుట యెట్లు?

ఇప్పుడు ‘కవచ్’ అను యంత్రవిధానము వచ్చినది. ఎర్రసిగ్నలు దాటకుండ, బండ్లు ఢీకొనకుండ అది కాపాడును, మిక్కిలి మేలైనదే. కాని ఎగువన కట్ట తెగినదని దానికి తెలియదు. అందులకు మనుష్యుడే కావలయును. రైలుమార్గమునకు ముప్పు తేగల చెరువులకు రైల్వేవారు పట్టిక నుంచుకొని, వానకు ముందు రాష్ట్రపు నీటిపారుదల అధికారులతో కలిసి చూడవలెనను ఏర్పాటు ఉన్నది. చెరువు ఒక శాఖది, పట్టా మరియొక శాఖది; నీటికి మాత్రము ఈ సరిహద్దులు లేవు. కావున ఆ తనిఖీ కాగితముపై సంతకముగా మిగిలినచో ఫలితము సున్న.

2024 సెప్టెంబరు 1న కేసముద్రము, ఇంటికన్నెల నడుమ వరదకు పట్టాల క్రింది కంకరయు మట్టియు కొట్టుకొనిపోయెను. బండ్లను ఆపివేసిరి. ప్రయాణికులు స్టేషన్లలో గంటల తరబడి బాధపడిరి. కాని యే బండియు గండిలో పడలేదు.

ఒక శ్రావణమాసపు రాత్రి నా బండియు నడిదారిలో నిలిచినది. పెట్టెలోనివారందరును విసుగుకొనిరి, నేనును తక్కువ తినలేదు. కిటికీ తెరచి చూడగా, నిలువునా తడిసిన గ్యాంగుమన్ ఒకడు లాంతరు పట్టుకొని పట్టాల ప్రక్కన వంగి నీటిమట్టమును చూచుచు నడచుచుండెను. కొంతసేపటికి బండి మెల్లగా కదలినది. అతని పేరు నెవరును అడుగలేదు. ఆలస్యమునకు మాత్రము అందరమును లెక్క కట్టితిమి.