తల కదిలితే బొమ్మ చెదురుతుంది

* మెదడు స్కానింగ్ నాణ్యతకూ కొలతలున్నాయి
* మసక బొమ్మతో జబ్బు దొరక్కపోవచ్చు, లేని జబ్బు కనిపించవచ్చు

నెల్లూరు: మైపాడు, కోడూరు, ఇసకపల్లి, తుమ్మలపెంట... ఈ తీర గ్రామాల్లో ఎవరికైనా మూర్ఛ వచ్చినా, ఎన్నాళ్ళకూ తలనొప్పి తగ్గకపోయినా, పెద్ద వయసువారికి మతిమరుపు ముదిరినా డాక్టర్లు తరచు చెప్పే మాట ఒకటుంది: “తలకు ఎం.ఆర్.ఐ. తీయించుకు రండి.” వేట మానుకుని, రొయ్యల గుంటకు మరొకరిని కాపలా పెట్టి, బస్సెక్కి పట్నం వచ్చి, వేల రూపాయలు చెల్లించి తీయించుకున్న ఫిల్మును కవరులో భద్రంగా ఇంటికి తీసుకుపోతారు. జబ్బేమిటని అడగనివారుండరు. బొమ్మ సరిగ్గా వచ్చిందా అని అడిగేవారు మాత్రం అరుదు.

చేపలు తూచేటప్పుడు కాటా సరిగా వుందో లేదో చూసుకోనిదే ఎవరూ సరుకు వదలరు. మెదడు బొమ్మ విషయంలోనూ అంత జాగ్రత్తా అవసరమే. మన దేశంలో మూర్ఛకు ఒక ముఖ్య కారణం బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి, వాటి పిల్లలు మెదడులో గూడు కట్టుకోవడం. ఆ గూటిలో పురుగు తల కొద్ది మిల్లీమీటర్ల చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క కనబడితే జబ్బు ఖాయమైనట్లే. బొమ్మ మసకబారితే ముందుగా మాయమయ్యేది ఆ చుక్కే.

అయస్కాంతం, నీరు, రేడియో

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు వుండవు. ఆస్పత్రుల్లో సాధారణంగా వాడే 1.5 టెస్లా యంత్రంలోని అయస్కాంతం భూమి అయస్కాంత శక్తికి 30 వేల రెట్లకు పైగా బలమైనది. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో వుండే హైడ్రోజన్ అణువుల కేంద్రకాలు దానికి లోబడతాయి. యంత్రం రేడియో తరంగాలు పంపితే అవి స్పందించి తిరిగి సన్నని సంకేతాలు ఇస్తాయి. ఆ సంకేతాలను కూర్చి కంప్యూటరు బొమ్మ గీస్తుంది. ఈ విధానానికి పునాది వేసిన అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ లాటర్‌బర్, బ్రిటన్ శాస్త్రజ్ఞుడు పీటర్ మాన్స్‌ఫీల్డ్ 2003లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

సంకేతం చాలా బలహీనమైనది కనుకనే గది గోడలకు రాగి రేకు వంటిది తొడిగి బయటి రేడియో తరంగాలను ఆపుతారు. తలుపు సరిగా పడకపోయినా, లోపల దీపం మిణుకుమన్నా బొమ్మలో అడ్డంగా చారలు పడే ప్రమాదం వుంది.

వల కన్ను, రేడియో గరగర

బొమ్మ నాణ్యతను నిపుణులు కొన్ని అంశాల్లో కొలుస్తారు. మొదటిది వివరం. వల కన్ను పెద్దదైతే చిన్న చేపలు జారిపోయినట్లే, బొమ్మలోని గడి పెద్దదైతే చిన్న మచ్చలు జారిపోతాయి. మెదడు నిర్మాణాన్ని కొలిచే బొమ్మల్లో ఒక్కో గడి సుమారు ఒక మిల్లీమీటరు ఘనం వుంటుంది. అలాగని గడిని ఇష్టమొచ్చినట్లు చిన్నది చేయడానికి వీలులేదు. అర మిల్లీమీటరు ఘనం నుంచి వచ్చే సంకేతం మిల్లీమీటరు ఘనం నుంచి వచ్చేదానిలో ఎనిమిదో వంతే.

రెండవది సంకేతానికి, గరగరకు మధ్య నిష్పత్తి. పాత రేడియోలో గరగర ఎక్కువైతే వార్తలు వినబడవు. బొమ్మలోనూ అంతే. మెదడు భాగంలో వెలుగు ఎంత, తల బయట గాలి భాగంలో మినుకు ఎంత అని లెక్కకట్టి ఒకదానితో ఒకటి భాగిస్తారు. గాలిలో ఏమీ వుండదు గనుక అక్కడ కనిపించిందంతా గరగరే. దానిని సగానికి తగ్గించాలంటే నాలుగింతల సేపు బొమ్మ తీయాలి. అంతసేపు రోగి కదలకుండా వుండగలగాలి!

మూడవది మెదడులోని బూడిద రంగు పదార్థానికీ, తెల్ల పదార్థానికీ తేడా ఎంత స్పష్టంగా వున్నదనేది. నాలుగవది వెలుగు అన్నివైపులా సమంగా పరచుకున్నదా లేక ఒకపక్క ప్రకాశంగా, మరోపక్క చీకటిగా వున్నదా అనేది. ఐదవది నీడలు. తల కదిలితే దాని అంచు నీటి అలల మాదిరిగా పక్కపక్కనే మళ్ళీ మళ్ళీ పడుతుంది.

యంత్రాన్ని పరీక్షించడానికి నీటి ద్రావణం నింపిన ప్లాస్టిక్ డబ్బాను వారం వారం లోపల పెట్టి బొమ్మ తీసే పద్ధతి వుంది. పేరుపొందిన ఒక డబ్బా లోపలి వ్యాసం 190 మిల్లీమీటర్లు. బొమ్మలోనూ అంతే రావాలి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే యంత్రాన్ని సరిచేయవలసిందే. దుకాణంలో తూనిక రాళ్ళకు ముద్ర వేయించడం వంటిదే ఇది.

కదిలితే మెదడు ‘చిక్కిపోతుంది’

యంత్రం ఎంత మంచిదైనా రోగి కదిలితే ఫలితం దక్కదు. అమెరికాలో ఆరోగ్యవంతులను యంత్రంలో పడుకోబెట్టి, తల ఊపమని, అటూ ఇటూ తిప్పమని చెప్పి బొమ్మలు తీశారు. కదిలినకొద్దీ మెదడులోని బూడిద పదార్థం తక్కువగా వున్నట్లు లెక్క వచ్చింది. నిమిషానికి ఒక మిల్లీమీటరు సగటు కదలికకు సుమారు 0.7 శాతం తగ్గుదల కనిపించిందని 2015లో ప్రచురించారు. అరవై దాటిన ఆరోగ్యవంతుల మెదడు ఏడాదికి తగ్గేది సుమారు అర శాతమే. అంటే బల్లమీద తల కాస్త కదిపినందుకు ఏడాదికి పైబడిన వయసు మీదపడినట్లు బొమ్మ చెబుతుందన్నమాట. వణుకు, మతిమరుపు వున్నవారే ఎక్కువగా కదులుతారు గనుక వారి విషయంలో పొరపాటుకు అవకాశం మరింత హెచ్చు.

కంప్యూటరు చేసే తనిఖీ

వందలాది బొమ్మలను ఒక్కొక్కటే కంటితో చూసి మంచిచెడ్డలు నిర్ణయించడం కష్టం. పైగా ఒక నిపుణుడు పనికివస్తుందన్న బొమ్మను మరొకరు పనికిరాదంటారు. అందుకని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ‘ఎం.ఆర్.ఐ.క్యు.సి.’ అనే కంప్యూటరు విధానాన్ని 2017లో వెల్లడించారు. పైన చెప్పిన కొలతల వంటివి అనేకం అది తనంతట తానే లెక్కకట్టి బొమ్మ పనికివస్తుందో లేదో చెబుతుంది. 17 కేంద్రాలలో తీసిన 1,100కు పైగా బొమ్మలతో దానికి తర్ఫీదు ఇచ్చారు. అయినా అంతకుముందు చూడని కేంద్రపు బొమ్మలు పెడితే వందకు సుమారు 76 మాత్రమే సరిగా చెప్పగలిగింది. ఒకచోట నేర్చినది మరోచోట పూర్తిగా పనికిరాదనడానికి ఇది నిదర్శనం.

హైదరాబాదులో ‘భారతీయ మెదడు పటం’

ఈ పాఠం మన రాష్ట్రాలవారికి కొత్త కాదు. చాలాకాలం మన రోగుల మెదడును పాశ్చాత్యుల మెదడు నమూనాతో పోల్చవలసి వచ్చేది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ప్రొఫెసర్ జయంతీ శివస్వామి ఆధ్వర్యంలో, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ సహకారంతో వందమంది భారతీయుల మెదడు బొమ్మలు సేకరించి 2019లో భారతీయ మెదడు పటాన్ని వెలువరించారు. ఇందులో స్త్రీలు 50 మంది, పురుషులు 50 మంది. ఒక యంత్రంలోని లోపం పటంలోకి చొరబడకుండా మూడు ఆస్పత్రుల్లో, మూడు వేర్వేరు యంత్రాలపై బొమ్మలు తీయించడం విశేషం. పాశ్చాత్యులతోనూ, చైనా, కొరియా వారితోనూ పోల్చితే మనవారి మెదడు ఎత్తు, వెడల్పు, పరిమాణం సగటున తక్కువని తేలింది. తెలివితేటలతో దీనికి నిమిత్తం లేదు. కొలబద్ద మనది కానప్పుడు ఆరోగ్యవంతుడి మెదడు కూడా చిక్కినట్లు పొరబడే వీలుందనేదే ఇందులోని సారాంశం.

రోగులు పాటించవలసినవి

స్కానింగుకు వెళ్ళేవారు కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే బొమ్మ బాగా వస్తుంది. మొలతాడు, తాయెత్తు, మెట్టెలు, కమ్మలు, జడ పిన్నులు ఇంటివద్దనే తీసివేయడం మంచిది. కొన్నిరకాల కాటుకలో లోహపు పొడి వుంటుంది గనుక కళ్ళు కడుక్కుని వెళ్ళాలి. ఎప్పుడైనా గాలం ముక్క విరిగి ఒంట్లో వుండిపోయినా, పడవల వెల్డింగు పనిలో కంట్లో ఇనుప రజను పడినా, గుండెకు యంత్రం అమర్చివున్నా ముందే చెప్పి తీరాలి. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. 2018 జనవరిలో ముంబయిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్ళిన ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు.

యంత్రం డబడబ పెద్ద చప్పుడు చేస్తుంది. అందుకు బెదరనక్కరలేదు. చెవులకు దూది లేదా మూతలు ఇస్తారు, చేతికి పిలుపు మీట ఇస్తారు. ముందుగా మూత్రవిసర్జన ముగించుకోవాలి. దగ్గు, జలుబు వుంటే చెప్పాలి. చప్పుడు ఆగిన విరామంలో దగ్గుకోవచ్చు గాని చప్పుడవుతుండగా కదలరాదు. చిన్నపిల్లలకు అవసరమైతే వైద్యుల పర్యవేక్షణలో మత్తు ఇస్తారు.

బల్ల దిగకముందే “బొమ్మ కదలకుండా వచ్చిందా?” అని అడగడానికి మొగమాటపడవలసిన పని లేదు. చెదిరిన భాగాన్ని అప్పుడే మళ్ళీ తీస్తే కొద్ది నిమిషాలతో పోతుంది. ఊరికి చేరాక తెలిస్తే మరో రోజు వేట, మరో బస్సు ఛార్జీ, మరోసారి వేల రూపాయలు. పాత ఫిల్మును, సీడీని పారవేయక దాచుకోవాలి. మళ్ళీ తీయించవలసి వస్తే వీలైనంతవరకు అదే యంత్రంపై తీయించుకుంటే రెండింటినీ సరిపోల్చడం డాక్టరుకు సులువవుతుంది.