పేటెంటు పరీక్షయు, పలు రంధ్రముల నాజిలును

స్ప్రేయరు కొనబోవు రైతునకు అంగడివాడు మొట్టమొదట వినిపించు మాట “ఇది పేటెంటు సరకు” అనునది. ఆ మాట చెవిని పడగానే మనలో పలువురు, అది సర్కారువారు పరీక్షించి మంచిదని ముద్రవేసిన సరకని తలతురు. మరియొకవంక, తన చేతితో పనిముట్టును బాగుచేసికొన్న రైతు “పేటెంటు మనబోటివారికెక్కడిది?” అని ఊరకుండును. ఈ రెండు తలంపులును పొరపాటులే. మొదటిదానివలన డబ్బు పోవును. రెండవదానివలన హక్కు పోవును. కావున పేటెంటు కార్యాలయమున ఒక పనిముట్టు ఎట్లు పరీక్షింపబడునో, మందును కొద్ది కొద్దిగా వెడలించు పలు రంధ్రముల నాజిలును ఉదాహరణముగా గైకొని వివరింపదలచితిమి.

ముందుగా నాజిలు సంగతి చెప్పుకొందము. కత్తెర పురుగు 2018లో మన దేశమున కర్ణాటకమందు కనబడి, పిమ్మట మొక్కజొన్న సాగు అంతటికిని పీడయైనది. ఈ పురుగు ఆకుసుడిలో దాగి తినును గనుక మందు సుడిలోనే పడవలయును. లావు ధార పడినచో చింది బయటికి పోవును. మిక్కిలి సన్నని తుంపర యైనచో గాలికి కొట్టుకొనిపోవును. ఒక రైతు ఇందుకు ఉపాయమాలోచించెననుకొందము. పిడి ఒకసారి నొక్కిన 5 మిల్లీలీటర్లు మాత్రమే పడునట్లు చేతిపంపు నమర్చి, మూతియందు 2 మిల్లీమీటర్ల రంధ్రమొకటి యున్నచోట 1 మిల్లీమీటరు రంధ్రములు నాలుగు తొలిచెను.

రంధ్రపు వ్యాసము సగమైనచో వైశాల్యము నాలుగవ వంతగును. నాలుగు చిన్న రంధ్రములు కలిసి పాత రంధ్రమంత వైశాల్యమునే యిచ్చును. కాని వాని అంచుల మొత్తము రెట్టింపగును గనుక ఒరపిడి హెచ్చి, మందు ఒకింత మెల్లగా వెడలును. చుక్కల సంగతి వేరు. సన్నని ధార తనంత తానే చుక్కలుగా తెగుననియు, ఆ చుక్క వ్యాసము ధార వ్యాసమునకు ఇంచుమించు 1.9 రెట్లుండుననియు రేలీ ప్రభువు 1878లో గణితముచే చూపెను. ధార సగమైనచో చుక్క వ్యాసము సగమై, పరిమాణము ఎనిమిదవ వంతగును. అనగా ఒక చుక్క పడుచోట ఎనిమిది చుక్కలు పడును. ఒకే చిన్న రంధ్రము పెట్టినచో చుక్క చిన్నదగును గాని మందు వెడలుటకు నాలుగు రెట్లు కాలము పట్టును. నాలుగు పెట్టినచో ఆ కాలము కలిసివచ్చును. పలు రంధ్రముల మేలు ఇదియే.

కీడులును కలవు. చిన్న రంధ్రములకు నలుసులు త్వరగా అడ్డుపడును. పిడి వదలిన పిదప రంధ్రములనుండి మిగులు మందు కారును. వీపు స్ప్రేయరుతో పొలమంతయు చల్లునపుడు అరమిల్లీలీటరు కారుట లెక్కకు రాదు. 5 మిల్లీలీటర్ల మోతాదులో అరమిల్లీలీటరు అనగా నూటికి పదివంతులు! కావున మన రైతు రంధ్రముల వెనుకనే పలుచని రబ్బరు పొర నమర్చెను. పిడి నొక్కినపుడు ఆ పొర తెరచుకొనును; వదలినపుడు ముడుచుకొనుచు, నాలుగు రంధ్రములలోను మిగిలిన మందును ఒక్కమారే వెనుకకు పీల్చుకొనును.

ఇప్పుడీ రైతు పేటెంటు కోరెననుకొందము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారికి చెన్నైలోని పేటెంటు కార్యాలయము అధికార స్థానము. వ్యక్తి స్వయముగా ఎలక్ట్రానిక్ పద్ధతిని దాఖలు చేసికొన్నచో దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. పరీక్ష కోరు రుసుము 4,000 రూపాయలు. పని ఇంకను పూర్తికానియెడల తాత్కాలిక వివరణ పత్రమును దాఖలు చేసి, 12 నెలలలోగా సంపూర్ణ వివరణ పత్రము నీయవచ్చును. సాధారణముగా 18 నెలలకు దరఖాస్తు ప్రకటింపబడును. అయినను పరీక్ష దానంతటది జరుగదు. దానికి వేరుగా కోరవలయును. 2024 మార్చి 15వ తేదీ మొదలు దాఖలైన దరఖాస్తులకు ఈ గడువు 31 నెలలు. అంతకు పూర్వము 48 నెలలుండెను. గడువు దాటినచో దరఖాస్తు ఉపసంహరించుకొన్నట్లే యగును.

పరీక్షకుడు చేయు పని యేమి? ఆయన నాజిలును పొలమునకు గొనిపోయి మందు చల్లి చూడడు. నమూనాను తెప్పించుకొను అధికారము కంట్రోలరునకు కలదు గాని పరీక్ష ముఖ్యముగా వ్రాతమీద జరుగును. వివరణ పత్రపు చివర “ఇంతవరకు నా హక్కు” అని హద్దులు నిర్ణయించు వాక్యములుండును. వీనిని క్లెయిములందురు. భూమి దస్తావేజులో చెక్కుబందీ యెట్టిదో పేటెంటులో క్లెయిమట్టిది. పరీక్షకుడు ఆ చెక్కుబందీని పట్టుకొని, ఆ నేల ఇదివరకే ఎవరిదైనను అగునా, ఊరుమ్మడి అగునా అని లోకమందలి పాత పేటెంటులను, గ్రంథములను, పత్రికలను వెదకును.

మన రైతు మొదటి క్లెయిమును “పలు రంధ్రములు గల ద్రవపు నాజిలు” అని వ్రాసెననుకొందము. నారుమడికి నీరు చల్లు జల్లెడమూతి డబ్బా దీనిని కొట్టివేయును. డీజిల్ ఇంజనులో నూనెను చిమ్ము ఇంజెక్టరు మూతికిని సన్నని రంధ్రములు పెక్కు కలవు. వాని పని వేరైనను మాటలు వానికిని సరిపడును. మాటలు ఎంత విశాలమో, పాత వస్తువు వానిలో చిక్కుట అంత సులభము. ఇందు నూతనత్వము లేదు.

రెండవమారు “ఒక్కొక్కటి 1 మిల్లీమీటరు గల నాలుగు రంధ్రములు” అని వ్రాసిననుకొందము. అట్టి కొలత పాత పత్రములలో దొరకకపోవచ్చును. అప్పుడు పరీక్షకుడు రెండవ ప్రశ్న వేయును: ఆ పనిలో ఆరితేరిన పనివానికి ఇది తట్టనిదా? పాత విజ్ఞానముకంటె సాంకేతికమైన ముందంజగాని, ఆర్థిక ప్రాముఖ్యముగాని, ఆ రెండును గాని కలిగి, పనివానికి సులభముగా తట్టని ముందడుగు ఉండవలయునని 1970 నాటి పేటెంటు చట్టము చెప్పుచున్నది. పెద్ద రంధ్రమును నాలుగుగా విభజించినచో చుక్క చిన్నదగునని తెలిసిన పనివానికి అది సాధారణపు మార్పే యగును.

ఈ విషయమున మన సుప్రీంకోర్టువారు 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ కేసునందు చెప్పిన తీర్పు గమనింపదగినది. పాత్రలను లేతు యంత్రముపై పట్టి తిప్పు సాధనమునకు అంతకుముందొక పేటెంటు ఈయబడియుండెను. ఆ సాధనమందలి భాగములు ఇదివరకు తెలిసినవే యనియు, చేసిన మార్పు కర్మాగారపు పనివాని సామాన్య నేర్పునకు మించినది కాదనియు నిర్ణయించి, న్యాయస్థానము ఆ పేటెంటు చెల్లదనెను. దీనివలన మనకు రెండు సంగతులు తెలియుచున్నవి. పేటెంటు వచ్చినంతమాత్రమున అది తిరుగులేనిది కాదు. వస్తువు పనికివచ్చుట వేరు, ఆవిష్కారమగుట వేరు.

మూడవమారు “నాలుగు రంధ్రములును, రబ్బరు పొరయును గల నాజిలు” అని వ్రాసిననుకొందము. కారుటను ఆపు రబ్బరు పొరలు స్ప్రేయర్లలో ఇదివరకే కలవు. తెలిసిన పరికరములను ప్రక్కప్రక్కన చేర్చి, ఒక్కొక్కటి తన పాతపనిని తాను విడిగా చేయుచున్నచో, అట్టి కూర్పు ఆవిష్కారము కాదని చట్టపు 3వ సెక్షను చెప్పుచున్నది. ఒకదానినే పలుమార్లు పెట్టుటయు అంతియే. పలు రంధ్రముల నాజిలునకు పెద్ద గండము ఇదియే. ఒక రంధ్రము చేయు పనిని నాలుగు రంధ్రములు విడివిడిగా చేసినచో అది నాలుగింతల పాతదే గాని క్రొత్తది కాదు.

మరి గట్టెక్కు దారి యేది? భాగములు ఒకదానితో నొకటి కలిసి, విడివిడిగా నుండగా రాని ఫలమును పుట్టింపవలయును. ఊపిరితిత్తుల జబ్బులకు వాడు రెస్పిమాట్ అను సాధనమున మిక్కిలి సన్నని రెండు ధారలు ఒకదానినొకటి ఢీకొని మెల్లగా కదలు తుంపరగా మారును. ఒక్కమారు వెడలు మందు సుమారు 15 మైక్రోలీటర్లు మాత్రమే. అక్కడ రెండవ రంధ్రము మొదటిదానికి నకలు కాదు. రెండును కలిసినగాని పని జరుగదు. మన రైతు క్లెయిమును కూడ ఇట్లే దిద్దవలయును. పొరకును రంధ్రములకును నడుమ ఎంత ఎడముండవలయునో, పొర మందమెంతో, అది ముడుచుకొనునపుడు నాలుగు రంధ్రములును ఒక్కమారే యెట్లు ఖాళీయగునో స్పష్టముగా చెప్పవలయును. అట్టి కూర్పు పాత పత్రములలో కనబడనియెడల, పనివానికి తట్టనిదని చూపగలిగినయెడల, అప్పుడు హక్కు నిలువవచ్చును. ఆ హక్కు ఇరుకైనదే కాని గట్టిది.

ఇందుకు వాదముకంటె కొలత బలమైనది. పొర ఉన్న నాజిలుతో నూరుమార్లు, లేని నాజిలుతో నూరుమార్లు నొక్కి, ప్రతి నొక్కునకు పడిన మందును తూచి తేదీతో వ్రాసిపెట్టిన లెక్క పరీక్షకుని యెదుట నిలుచును. అభ్యంతరపత్రము పంపబడిన దినమునుండి 6 నెలలలోగా జవాబీయవలయును; కోరినచో మరి 3 నెలల గడువు దొరకును. కాని మొదటి వివరణ పత్రములో లేని సంగతిని జవాబులో క్రొత్తగా చేర్చుటకు వీలులేదు. కావున కొలతలన్నియు మొదటనే వ్రాయవలయును.

మరియొక హెచ్చరిక. “మొక్కజొన్న సుడిలో మందు వేయు పద్ధతి” అని క్లెయిము వ్రాసినచో చెల్లదు. వ్యవసాయ పద్ధతులకును, పశువులకు చేయు చికిత్సా పద్ధతులకును మన చట్టమున పేటెంటు లేదు. సాగుచేయు తీరు ఎవరి సొత్తును కారాదని దీని భావము. పనిముట్టునకు మాత్రము పేటెంటు కలుగవచ్చును.

ఇక మన సభ్యులు చేయవలసినదేమి? పనిముట్టును కనిపెట్టినవారు దరఖాస్తు దాఖలు చేయకముందు దానిని సంతలోను, ప్రదర్శనములోను, పత్రికలోను బయటపెట్టరాదు. తన నోటనే వెల్లడియైన సంగతి పాత విజ్ఞానమై తనకే అడ్డు తగులును. కేంద్రప్రభుత్వము ప్రకటించిన ప్రదర్శనములకును, బహిరంగమున చేయక తప్పని పరీక్షలకును 12 నెలల మినహాయింపు కలదు గాని, దానిని నమ్ముకొని గడువు గడుపుట గట్టుతెగిన చెరువును నమ్ముకొనుట వంటిది. ముందు దరఖాస్తు, పిమ్మట ప్రదర్శనము.

పనిముట్టు కొనువారు “పేటెంటు” అను మాటకు మురియరాదు. పేటెంటు ఇతరులు చేయరాదని చెప్పు హక్కే గాని, మన్నికకు పూచీ కాదు. దరఖాస్తు పెట్టుట వేరు, పేటెంటు వచ్చుట వేరు. పేటెంటు లేకయే ఉన్నదని సరకుమీద వ్రాయుట చట్టరీత్యా జరిమానాకు పాత్రము. వచ్చిన పేటెంటు సైతము దాఖలైన తేదీనుండి 20 సంవత్సరములే. ఏటేటి రుసుము చెల్లింపనిచో ముందే తీరిపోవును. సంఖ్య అడిగి వెదకి చూచుకొనుట మేలు.

సంఘముగా మనకు మరియొక పని కలదు. పేటెంటు కార్యాలయపు పత్రిక ప్రతి శుక్రవారమును వెలువడును. దానిని రుసుము లేక చదువవచ్చును. మన పల్లెలలో ఏనాటినుండియో వాడుకలోనున్న పనిముట్టును ఎవరైన తమదని కోరినచో, దరఖాస్తు ప్రకటింపబడిన పిదప, పేటెంటు ఈయకమునుపు, ఎవరైనను సాక్ష్యముతో ఆక్షేపణ తెలుపవచ్చును. ఇచ్చిన తరువాత నైనను, ఆ సంగతి ప్రకటింపబడిన ఒక సంవత్సరములోగా అందు ప్రయోజనము గలవారు ఆక్షేపింపవచ్చును. సాక్ష్యమనగా పెద్దల నోటిమాట మాత్రమే కాదు. తేదీగల ఫోటో, కొనుగోలు చీటీ, అచ్చు కరపత్రము. ఒంటరి రైతు ఇవన్నియు కూడగట్టలేడు. సంఘపు బీరువాలోని పాతకాగితములు ఆనాడు అక్కరకు వచ్చును. కావున స్ప్రేయర్లు, నాజిళ్లు, విత్తన గొర్రుల పాత జాబితాలను, రసీదులను సభ్యులు పారవేయక సంఘ కార్యదర్శులకు అప్పగింప ప్రార్థించుచున్నాము.